చంటి పిల్లాడి తోలు వెనక్కి లాగకండమ్మా

మా వాడికి అప్పటికి ఇరవై రోజులు. నీళ్లు పోసే అవ్వ కాళ్లు బారచాపుకుని, వాణ్ణి వాటి మీద పడుకోబెట్టుకుని ఒళ్లంతా నూనె పట్టించింది. వాడు కూడా హాయిగా ఊ కొడుతున్నాడు. అంతలో వాడి పురుషాంగం కొసన ఉండే తోలు పట్టుకుని "ఇక్కడ తోలు రోజూ కాస్త వెనక్కి లాగి రెండు చుక్కల నూనె వెయ్యాలమ్మా, లేకపోతే మూసుకుపోద్ది" అంటూ లాగేసింది. వాడి ఏడుపే మారిపోయింది. ఆకలేడుపు కాదు, నిద్రేడుపు కాదు. తుడిచిన గుడ్డ మీద ఎర్రటి చుక్క.

"మీ ఆయనకీ ఇట్లాగే చేశాం, ఏమైంది?" అన్నారు అత్తయ్య. ఏమని చెప్పను?

అవ్వ మీద నాకు కోపం లేదు. వాళ్లమ్మ నేర్పింది, ఆవిడ చేసింది. కోపమంతా ఆసుపత్రి మీదే. డిశ్చార్జి రోజు టీకాల కార్డు, బొడ్డు, పాలు, తేన్పు అన్నీ చెప్పారు. దీని గురించి ఒక్క ముక్క లేదు. పైగా ఆరు వారాల టీకాకి వెళ్తే అక్కడి డాక్టరు గారు "టైట్‌గా ఉంది, స్నానం చేయించేటప్పుడు లాగుతూ ఉండండి" అన్నారు! వేరే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తే గానీ అసలు సంగతి తెలియలేదు.

పుట్టినప్పుడు ఆ తోలు వేలికి గోరు అతుక్కున్నట్టు లోపలి భాగానికి అతుక్కునే ఉంటుంది. అది జబ్బు కాదు. డగ్లస్ గైర్డ్‌నర్ అనే బ్రిటిష్ డాక్టరు 1949లోనే రాశాడు, అప్పుడే పుట్టిన మగపిల్లల్లో అది పూర్తిగా వెనక్కి వచ్చేది నూటికి నలుగురికే అని. 1968లో డెన్మార్క్‌లో యాకోబ్ ఓస్టర్ బడిపిల్లల్ని ఏళ్ల తరబడి పరీక్షించి చూస్తే, 17 ఏళ్లకి బిగుతు మిగిలింది నూటికి ఒక్కరికే. అంటే దానంతట అదే విడిపోయేదాన్ని మనం నూనె పెట్టి మరీ చింపుతున్నాం. చిరిగినచోట మచ్చ కట్టి నిజంగానే బిగుసుకుపోవచ్చు. వెనక్కి లాగిన తోలు అక్కడే ఇరుక్కుని వాచిందంటే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

మరి శుభ్రం ఎలా అంటారా? పైపైన గోరువెచ్చని నీళ్లు పోస్తే చాలు, చెయ్యి కడిగినట్టే. లోపలికి సబ్బు, సున్నిపిండి, డెట్టాల్ నీళ్లు ఏవీ పోనివ్వకండి. ఇయర్‌బడ్ అసలే వద్దు. తోలు కింద తెల్లగా ముత్యాల్లా కనిపించేది చీము కాదు, రాలిన చర్మపు పొట్టు. దారి దొరికినప్పుడు అదే బయటికొస్తుంది. ఒంటికి పోసేటప్పుడు బుడగలా ఉబ్బి వెంటనే తగ్గిపోతే మామూలుగా భయం లేదు. (నేనైతే మొదటిసారి చూసి అర్ధరాత్రి మా అమ్మకి ఫోన్ చేశాను.) ఎర్రగా వాచినా, చీము, రక్తం కనిపించినా, ధార లేకుండా చుక్కచుక్కగా పడుతున్నా, పోసేటప్పుడల్లా ఏడుస్తున్నా, జ్వరమొచ్చినా డాక్టరుకి చూపించండి. పెద్దయ్యాక తోలు తనంతట తాను వదులైతే, వాడే మెల్లగా జరుపుకుని కడుక్కుని మళ్లీ ముందుకు తెచ్చుకోవాలి. ఆ పని వాడిదే, మనది కాదు.

ఆ పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన మర్నాడు అవ్వకి ఇదంతా చెప్పాను. "అయితే నాకో పని తగ్గింది" అని నవ్వేసి సాంబ్రాణి వెయ్యడానికి లేచింది. అత్తయ్య మాత్రం ఇప్పటికీ నూనె గిన్నె పక్కన పెట్టేటప్పుడు ఒకసారి నావైపు చూస్తారు.