బడికి బీరువాలు చాలు, వైండింగ్ తీగ కొనండి

బడికి ఏదైనా ఇద్దాం అనగానే మన పేరెంట్స్ కమిటీలకు బీరువానే ఎందుకు గుర్తొస్తుందండీ? అది కాకపోతే ప్రొజెక్టరు. దాని మీద ఎర్ర పెయింటుతో దాత పేరు, ఊరు, తేదీ. అమెరికా నుంచి పూర్వ విద్యార్థులు డబ్బు పంపినా ఇదే వరస, ఫొటోలో పడే వస్తువే కావాలి. బీరువాలో సైన్సు కిట్టు, తాళం హెడ్మాస్టరు గారి దగ్గర. ఆయన్ని తిట్టి లాభం లేదు. స్టాక్ రిజిస్టర్‌కు ఎక్కిన పరికరం పగిలితే రేపు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆయనే. కాబట్టి కాలినా, తెగినా, పోయినా ఎవరికీ నొప్పి తగలని సరుకు కొనండి.

సైన్సులో కరెంటు మోటారు పాఠం ఉంటుంది కదా, దాన్నే తీసుకోండి. పిల్లలే తలో చెయ్యి వేసి చిన్న మోటారు చేస్తారు. 40 మంది క్లాసుకు నలుగురికొకటి చొప్పున 10 సెట్లు. సెట్టుకు ఒక పెద్ద టార్చి సెల్లు, రెండు పిన్నీసులు, రబ్బరు బ్యాండు, బిళ్ల అయస్కాంతం, మీటరున్నర ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ. పిన్నీసులను రబ్బరు బ్యాండుతో సెల్లు రెండు చివరలా బిగించి, సెల్లు మీద అయస్కాంతం పెట్టి, పిన్నీసుల కన్నాల్లో తీగ చుట్ట కొసలు దూర్చితే చుట్ట తిరుగుతుంది, అదే మోటారు. తీగ ఆన్‌లైన్‌లో వెతకొద్దు. మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో 24 గేజి 50 గ్రాములు తూచి ఇమ్మంటే ఇరవై మీటర్ల పైనే వస్తుంది. సెల్లు మాత్రం 15 తెచ్చుకోండి. చుట్ట తిరక్కుండా పిన్నీసుల మీద ఊరికే ఉండిపోతే అది షార్ట్ సర్క్యూటే, సెల్లు వేడెక్కి నిమిషాల్లో నీరసించిపోతుంది. మామూలు సెల్లే అయితే అంతా కలిపి వెయ్యి దాటదు.

పెన్సిల్ సెల్లు చుట్టూ 15 చుట్లు చుట్టి, రెండు కొసలు ఎదురెదురుగా బయటికి తీయాలి. ఒక కొసకు గరుకు కాగితంతో పూత మొత్తం గీకాలి. రెండో కొసకు, చుట్టను నిలువుగా పట్టుకుని పైసగం మాత్రమే. పిల్లలు తప్పేది ఇక్కడే. రెండు కొసలూ నున్నగా గీకేస్తారు. అప్పుడు సగం తిరగ్గానే తోపు ఎదురు తిరుగుతుంది, చుట్ట ఊగుతుందే తప్ప తిరగదు. సగం పూత ఉంచితే ఆ సగంలో కరెంటు ఆగి, వచ్చిన ఊపుకే చుట్ట మిగతా సగం దాటేస్తుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పేయకండి. ఊగనివ్వండి, "ఎందుకు ఊగుతోంది?" అని అడగండి చాలు. వాళ్ల చేతిలో తీగ లాక్కుని "ఇలా తే" అంటూ తిప్పి చూపించే నాన్నగారు ఒక్కరున్నా ఆ పీరియడ్ గోవిందా.

సాయానికి మనుషులు ఎక్కడ దొరుకుతారని అడుగుతారు. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం ఆడవాళ్లే. వాళ్లను సంతకాలకు పిలుస్తారు, క్లాసుకు పిలవరు. మిషను కుట్టే అమ్మకు చుట్లు బిగువుగా చుట్టడం సారు కంటే బాగా వచ్చు. రెండు గ్రూపులకు ఒకరు, అంటే ఐదుగురు చాలు. ముందు రోజు సాయంత్రం వాళ్ల చేత ఒకసారి చేయించాలి. కూలికి వెళ్లేవాళ్లను పొద్దున పదింటికి రమ్మంటే ఎలా వస్తారు? వాళ్ల రోజు కూలి పోదా? చివరి రెండు పీరియడ్లు పెట్టండి.

డబ్బు సంగతి. పిల్లల చేత తలా వంద తెప్పించడం మానండి, ఇవ్వలేని ఇంటి పిల్ల ఆ రోజు బడే ఎగ్గొడుతుంది. ఎవరిదో ఒకరి ఫోన్‌పేకి వేయించుకోవడమూ వద్దు, ఎంత నిజాయితీపరుడైనా మూడో నెలకల్లా గొడవే. కమిటీ ఖాతాలోనే వేయించి, రసీదు ఇచ్చి, బిల్లు ఫొటో గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్యనైనా సరే వాట్సాప్ గ్రూపులో పెట్టండి. వచ్చిన దాంట్లో సగమే ఇప్పుడు ఖర్చు పెట్టాలి. జూన్‌లో కొన్న సెల్లు, తీగ దసరా సెలవుల నాటికి ఉండవు, అప్పుడు మళ్లీ కొనడానికి మిగతా సగం ఉండాలి.