సమ్మక్కకు ఒక్క బైటు తక్కువ

ఉత్తర తెలంగాణలో కంప్యూటర్ పని ఆగితే కరెంటును తిడతారు, నెట్టును తిడతారు, చివరికి సర్వర్ డౌన్ అనుకుని ఇంటికి పోతారు. అసలు దోషిని మాత్రం ఎవరూ వేలెత్తి చూపరు. ఆ దోషి తెలుగు. అందులోనూ ముఖ్యంగా ఒత్తులు, గుణింతాలు. అమ్మభాష కదా అని అందరూ మొహమాటపడితే వ్యవస్థ ఎట్లా నడవాలి? కాబట్టి ఆ అప్రియమైన బాధ్యతను నేనే నెత్తిన వేసుకుంటున్నాను.

హన్మకొండ చౌరస్తా నుంచి మంచిర్యాల దాకా ఎన్నో ఆన్‌లైన్ సెంటర్లలో ఇదే కథ. పేరు తెలుగులో కొడుతున్నంతసేపూ తెర మీద నిండుగా కనిపిస్తుంది. సేవ్ చేసి ప్రింటు తీస్తే "??????? ?????". అట్లాంటి కాగితం ఒక అవ్వ చేతిలో చూశాను. అటు తిప్పింది, ఇటు తిప్పింది, వెలుతురుకు పెట్టి చూసింది.

"గిదేంది బిడ్డా, నా పేరు కాడ అన్నీ కొడవళ్లే ఉన్నయి?"

"గట్లనే వస్తదవ్వా. సిస్టంల అందరివి గట్లనే ఉంటయి. నువ్వు కింద నంబర్ జూస్కో."

"మరి మా ఆయిన పేరు?"

"గవి గూడ కొడవళ్లే."

అవ్వ ఇంకేం అనలేదు. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

ఆ ఆపరేటర్ పిల్లవాడు తెలియకుండానే పెద్ద మాట అన్నాడు. సమసమాజం కోసం ఈ జిల్లాల్లో ఎంతమంది ఎన్ని దార్లు తొక్కారో చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. వాళ్లెవరికీ పూర్తిగా సాధ్యం కానిది డేటాబేస్ అనే సమాచార పట్టికలోని ఒక గడి వరుస, అంటే కాలమ్, చప్పుడు లేకుండా సాధించింది. దొర పేరూ ప్రశ్న గుర్తులే, జీతగాడి పేరూ ప్రశ్న గుర్తులే. కులం తెలియదు, మతం తెలియదు, ఇంటిపేరు తెలియదు. ఇంతటి విప్లవాన్ని పట్టుకుని కొందరు "బగ్" అంటున్నారు.

వాళ్లు చెప్పే కారణం కూడా విందాం. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌లో వార్‌చార్ అనే రకం కాలమ్ ఒక కోడ్‌పేజీని, అంటే ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టికను, నమ్ముకుని బతుకుతుంది. ఆ కాలమ్ వాడుకోగల విండోస్ పాత కోడ్‌పేజీల్లో గ్రీకుకు ఒకటి ఉంది, అరబిక్‌కు ఉంది, థాయ్‌కి ఉంది, వియత్నామీకి కూడా ఉంది. తెలుగుకు లేనే లేదు. తెలుగు కావాలంటే ఎన్‌వార్‌చార్ పెట్టాలి. అది పెట్టినా, క్వెరీలో, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆజ్ఞలో, నేరుగా రాసే పేరు ముందు ఎన్ అనే అక్షరం తగిలించాలి. ఆ ఒక్క ఎన్ మరిచిపోతే కాలమ్ ఎంత మంచిదైనా పేరు దారిలోనే కొడవళ్లయిపోతుంది. ఫాంటు మారిస్తే పోయే జబ్బు కాదిది. లోపల దాచినదే ప్రశ్న గుర్తు. అంటే అవ్వ అసలు పేరు ఇక ఆ సర్వర్‌కు కూడా తెలియదు, దేవుడికి దండం పెట్టినా తిరిగి రాదు. 2019 వెర్షన్‌లో వార్‌చార్‌కే యూటీఎఫ్-8, అంటే అన్ని లిపులనూ బైట్లుగా రాసే పద్ధతి, పెట్టుకునే వీలు కల్పించారు. వీలు కల్పించినంత మాత్రాన వాడుకోవాలని రూలేమీ లేదు కదా.

ఇక సమ్మక్క సంగతి. మేడారం తల్లిని ఈ దిక్కు మనుషులకు నేను పరిచయం చేయనక్కర్లేదు. ఆ తల్లి పేరు పెట్టుకున్న ఆడబిడ్డలు ములుగు, భూపాలపల్లి వైపు ఎంతోమంది. ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్‌లో పేరుకు వార్‌చార్2, బ్రాకెట్లో ఇరవై అని చోటిచ్చారనుకోండి. ఇరవై అంటే ఇరవై అక్షరాలని మనబోటి అమాయకులు అనుకుంటారు. సెట్టింగ్ మార్చకుండా వదిలేస్తే అది ఇరవై బైట్లు. బైటంటే కంప్యూటర్ జాగాను కొలిచే చిన్న కొలత. లిపులన్నిటికీ కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో తెలుగు బ్లాకులోని ప్రతి కోడూ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తింటుంది. సమ్మక్కను విప్పితే స, మ, పొల్లు, మ, క, పొల్లు, క. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. ఒక్క బైటు తక్కువ! లక్షల జనానికి గద్దెల దగ్గర చోటు దొరుకుతుంది గానీ ఆ తల్లికి ఈ కాలమ్‌లో చోటు లేదు. సారక్క అని రాస్తే ఆరే కోడ్‌లు, పద్దెనిమిది బైట్లు, హాయిగా పడుతుంది. బిడ్డకు సీటు దొరికింది, తల్లి బస్సు దిగాల్సి వచ్చింది.

ఒరాకిల్ నిజాయితీపరురాలు. ఉన్నది 20, వచ్చింది 21 అని ముఖం మీదే చెప్పి పేరును వెనక్కి పంపుతుంది. దాని ముందు కూర్చున్న ప్రోగ్రామర్‌కు ఆ నిజాయితీ నచ్చదు. ఆ ఎర్రర్ మళ్లీ కనపడకుండా పేరును ఇరవయ్యో బైటు దగ్గర కోసేసి పంపుతాడు. అప్పుడు చివరి క మూడింట రెండు వంతులే మిగులుతుంది. క కాదు, గ కాదు, నల్ల డైమండ్ లోపల ఒక ప్రశ్న గుర్తు. కొంచెం దయగలవాడైతే ముక్క వేలాడకుండా పద్దెనిమిది దగ్గర కోస్తాడు, "సమ్మక్" అవుతుంది. ఇరవై పక్కన చార్ అని రాస్తే ఈ గొడవే ఉండదు కదా అని మీరనవచ్చు. ఇంగ్లీషులో నాలుగక్షరాలు అదనంగా కొట్టాలి. ఎవరి వేళ్లు నొప్పెట్టాలి?

అసలు సమ్మక్కలో ఎన్ని అక్షరాలు? మూడో తరగతి పిల్లను అడిగితే మూడంటుంది. గో అనే ప్రోగ్రామింగ్ భాషను అడిగితే 21, పీహెచ్‌పీ మామూలు లెక్క కూడా 21. పైథాన్, జావా 7 అంటాయి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మర్యాద తెలిసింది, లెంగ్త్ అని అడిగితే 21, చార్ లెంగ్త్ అని అడిగితే 7, ఎవరికి కావలసింది వాళ్లకు ఇచ్చి పంపుతుంది. కంటికి ఒక అక్షరంగా కనిపించేది ఏదో తేల్చడానికి యూనికోడ్ వారి దగ్గర నియమాలున్నాయి. వాటి లెక్కలో చాలా కాలం ఇది 5. ఒత్తును దాని అక్షరంతో కలిపి చూడండని 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో చెప్పారు, అప్పుడు 3 అయింది. తెలుగు యూనికోడ్‌లో చేరింది 1991లో. మూడో తరగతి పిల్లతో ఏకీభవించడానికి ఆ మాత్రం సమయం తీసుకున్నారు. పెద్ద సంస్థలు తొందరపడకూడదు.

పీహెచ్‌పీ వాళ్లు మధ్యలో ఒకసారి తొందరపడ్డారు పాపం. ఆరో వెర్షన్‌లో అంతా యూనికోడే అన్నారు, ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 2010లో చేతులెత్తేశారు. ఐదు తర్వాత నేరుగా ఏడు వచ్చింది. మధ్యలో ఆరేదని అడక్కండి, ఆ ఇంట్లో అది కష్టమైన ప్రశ్న.

మైఎస్‌క్యూఎల్ పుట్టిల్లు స్వీడన్. అందుకని 2018లో ఎనిమిదో వెర్షన్ వచ్చేదాకా, మనం నోరు తెరిచి ఏదీ చెప్పకపోతే, లిపి పశ్చిమ యూరప్ అక్షరాల లాటిన్1, వరుసక్రమం స్వీడిష్. పరకాల, నర్సంపేట, జమ్మికుంటలను స్వీడన్ ఆచారం ప్రకారం నిలబెట్టే భాగ్యం మనకు ఊరికే దొరికింది. ఇందులో ఇంకో చమత్కారం ఉంది. వెబ్‌సైటు పేరును యూటీఎఫ్-8లో పంపుతుంది. వెబ్‌సైటుకూ డేటాబేస్‌కూ మధ్య ఉండే కనెక్షన్ దాన్ని లాటిన్1 అనుకుని లోపలేసుకుంటుంది, మళ్లీ అడిగితే అట్లానే తీసి ఇస్తుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని తెర మీద తెలుగు బ్రహ్మాండంగా వెలుగుతుంది. ఏళ్లు గడుస్తాయి, పదోన్నతులు వస్తాయి. ఒక రోజు ఎవరో బాధ్యత గల మనిషి కొత్తగా చేరి కనెక్షన్‌ను సరిచేస్తాడు. అంతే! నెత్తిన గీత పెట్టుకున్న ఏ అనే లాటిన్ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో, మళ్లీ ఏ, మళ్లీ డిగ్రీ. తెలుగు బ్లాకు మొత్తానికీ మొదటి రెండు బైట్లు రెండే రకాలు కాబట్టి ప్రతి అక్షరానికీ ఇదే వేషం. రామగుండం ఎండాకాలం రికార్డయితే అన్ని డిగ్రీ గుర్తులున్నా ఎవరికీ అనుమానం రాదు గానీ, మిగతా ఆఫీసుల్లో గగ్గోలు పుడుతుంది. సరిచేసినవాడే చెడగొట్టాడని తేల్చి, పాత తప్పును సగౌరవంగా వెనక్కి తెచ్చి, అతనికి మెమో ఇస్తారు.

కైలాసం అనే పేరున్నవారికి ఇంకో యోగం. అందులోని ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయవచ్చు. ఎత్వం పెట్టి, దానికి ఇంకో చిన్న గుర్తు తగిలించి రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. చూడటానికి తేడా లేదు. ముందుగా నార్మలైజ్ చేయకుండా, అంటే రెండు రాతలనూ ఒకే రూపానికి తేకుండా, బైటును బైటుతో పోల్చే చోట మాత్రం వీళ్లు ఇద్దరు కైలాసాలు. ఒకాయన దరఖాస్తు పెట్టుకుంటాడు, ఇంకో ఆయనకు మంజూరవుతుంది, ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే కుర్చీలో కూర్చుంటారు. "వరంగల్‌లో" అన్నప్పుడు ల్, లో అతుక్కోకుండా మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి దాక్కుంటుంది. అట్లాంటి చోట ఆ మాట మొత్తాన్ని వెతికేవాడు దాన్ని కొట్టకపోతే మాట దొరకదు. కాకతీయులు కూడా కోటకు ఇంత కట్టుదిట్టం చేయలేదు.

ఇన్ని చెప్పాక భక్తుల కష్టం కూడా చెప్పాలి. మైఎస్‌క్యూఎల్‌లో చాలా కాలం యూటీఎఫ్8 అనే పేరుతో చలామణి అయింది మూడు బైట్ల దాకానే పనిచేసేది. తెలుగుకు సరిగ్గా సరిపోయింది. ఫోన్లలో పంపే దండం బొమ్మకు నాలుగు కావాలి. కాబట్టి "రేపు జాతరకు పోతున్నం" అని రాసి, దండం బొమ్మ పెట్టి, "పైసలు పంపు తమ్మీ" అని ముగిస్తే, కట్టుబాట్లు సడలించిన సర్వర్‌లో దండం దగ్గరే మాట తెగిపోతుంది. జాతర సంగతి చేరింది, పైసల సంగతి చేరలేదు. తమ్ముళ్లు ఈ ఏర్పాటును తప్పుపట్టినట్టు నాకు తెలియదు. నాలుగు బైట్లది యూటీఎఫ్8ఎంబీ4 అనే పేరుతో 2010లోనే వచ్చింది. అంత పొడుగు పేరు గుర్తుపెట్టుకునే ఓపిక ఎవరికుంది?

అందుకే మన పెద్దలు "పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే రాయవలెను" అనే దివ్యౌషధం కనిపెట్టారు. మందు బాగా పనిచేస్తోంది. సమ్మక్కకు ఆధార్‌లో ఎం రెండున్నాయి, బ్యాంకు బుక్కులో ఒకటే. పట్టాదారు పాసుబుక్కులో కే రెండు కనిపించాల్సిన చోట ఒకటే కనిపిస్తుంది. ఈ ముగ్గురు సమ్మక్కలూ ఒకరేనని స్టాంపు పేపరు మీద నోటరీ చేయించాలి. ఆ పేపరుకో డబ్బు, నోటరీకో డబ్బు, జిరాక్సుకో డబ్బు. ఒక బైటు ఆదా చేయడం వల్ల ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో చూడండి.

తెలుగులో రాసుకునే ఈ దురలవాటు మనకు ఎక్కడిదని ఆలోచిస్తే నా చూపు కరీంనగర్ జిల్లా కురిక్యాల మీదికి పోతుంది. పదో శతాబ్దంలో జినవల్లభుడనే ఆయన అక్కడి బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద! ఎన్‌కోడింగ్ ప్రకటించలేదు, కాలమ్ వెడల్పు అడగలేదు, టెస్టింగ్ టీమ్‌కు చూపించలేదు. తెలుగులో మూడు కంద పద్యాలు ఒత్తులతో సహా రాయించుకుంటూ పోయాడు. వెయ్యేళ్లు దాటినా అక్కడ ఒక్క ప్రశ్న గుర్తూ లేదంటే, ఆయన ఏ నిబంధనా పాటించలేదని అర్థం.

మొన్నామధ్య ఒక ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఒక కాగితం రాసుకుని వచ్చాడట. టేబుళ్లు యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలని, కనెక్షన్‌కూ అదే చెప్పాలని, పొడవు బైట్లలో కాక అక్షరాల్లో కొలవాలని, లోపలికి వచ్చే పేరును ముందే నార్మలైజ్ చేయాలని, ముందుగా బ్యాకప్ తీసి సమ్మక్క, కైలాసం, దండం బొమ్మ పెట్టి పరీక్షించాలని. పెద్ద సారు కాగితం చదివి, "నీ పేరు తెలుగుల ఎందుకు రాసినవ్ కింద?" అని అడిగి, మరుసటి రోజే అతన్ని టోకెన్ మెషీన్ దగ్గర కూర్చోబెట్టారట. అక్కడ అన్నీ అంకెలే, ఎవరికీ ఇబ్బంది లేదు.