వాగు ఒడ్డు భూమికి టీడీఆర్: దేనికి ఇవ్వాలి, దేనికి ఇవ్వకూడదు

2021 నవంబరు వానలకు శేషాచలం కొండల మీది నుంచి దిగిన నీరు తిరుపతి వీధుల్లో ఏరులై పారడం, రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో కింది పల్లెలను ఖాళీ చేయించడం ఈ ప్రాంతం వాళ్లు ఇంకా మరచిపోలేదు. ఆ నీటి దారులన్నీ పోరంబోకులో లేవు, పట్టా పొలాల మీదుగా పోయేవీ ఉన్నాయి. అక్కడ కట్టవద్దని చెప్పడం సులువే. కానీ నిన్నటి దాకా ఎకరాల్లో అమ్మిన నేల ఇవాళ అంకణాల లెక్కన పలుకుతున్నప్పుడు, నష్టమంతా నువ్వే భరించమంటే ఏ రైతూ ఒప్పుకోడు.

దీనికి ఉన్న మంచి మార్గం నిర్మాణ హక్కు బదిలీ, అంటే టీడీఆర్. సున్నితమైన నేలను వదిలేసిన యజమాని ఆ మేరకు హక్కును మరో చోట వాడుకుంటాడు, లేదా అమ్ముకుంటాడు. అమెరికాలోని మాంట్‌గోమరీ కౌంటీ 1980లో సుమారు 93,000 ఎకరాల సాగు ప్రాంతంలో 25 ఎకరాలకు ఒక్క ఇల్లు మాత్రమే అని పరిమితి పెట్టి, దానికి బదులుగా 5 ఎకరాలకు ఒక హక్కు చొప్పున అమ్ముకోనిచ్చింది. మన దగ్గర టీడీఆర్ బాండు అంటే రోడ్డు వెడల్పులో పోయిన జాగాకు ఇచ్చే కాగితంగానే జనానికి తెలుసు.

అసలు చిక్కు లెక్కలో ఉంది. ఒకరికి 5 ఎకరాల పట్టా ఉండి, అందులో 2 ఎకరాలు వాగు, దాని ఒడ్డు అనుకుందాం. మొత్తం 5 ఎకరాలకు రావలసిన ఇళ్లను మిగిలిన 3 ఎకరాల్లో కట్టనివ్వాలా? భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, 10 మీటర్ల కంటే వెడల్పైన వాగుకు 9 మీటర్లు ఎలాగూ వదలాలి. పైగా ఇలా కట్టకుండా వదిలే ఆ పట్టీని, అంటే బఫర్‌ను, లేఅవుట్‌లో వదలవలసిన ఖాళీ జాగా లెక్కలో చూపుకొనే వీలూ ఉంది. చట్టం ముందే కాదన్న చోట లేని హక్కును బదిలీ చేయడమంటే ఒకే నేలకు రెండుసార్లు ఫలం ఇవ్వడమే. కాబట్టి వాగు గర్భానికి, బఫర్‌కు ఏమీ ఇవ్వకూడదు. చెరువు శిఖం (నీరు నిలిచే నేల), పోరంబోకు సంగతి చెప్పనే అక్కర్లేదు. బఫర్ దాటి వరద నిలిచే మడిని, కొండ వాలు కింది మామిడి తోటను ఇష్టపూర్వకంగా వదిలినవారికి మాత్రం ధారాళంగా ఇవ్వాలి. ఉన్న కొద్దిపాటి పట్టా అంతా బఫర్‌లోనే పోయే చిన్న రైతుకు మాత్రం మినహాయింపుగా బాండు ఇవ్వాలన్నదీ నా అభిప్రాయమే, ఎందుకంటే అతనికి కట్టుకోవడానికి వేరే నేల ఉండదు.

ఇక ఆ హక్కు ఎక్కడ వాలాలి? ఆంధ్రప్రదేశ్‌లో సాధారణంగా ఎఫ్ఎస్ఐ (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క) పరిమితి లేదు. ఎన్ని అంతస్తులన్నది ప్రధానంగా ప్లాటు విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు తేలుస్తాయి. మామూలుగానే కావలసినంత కట్టుకోగలిగిన బిల్డర్ డబ్బు పెట్టి బాండు ఎందుకు కొంటాడు? కొనేవాడు లేకపోతే వాగు ఒడ్డు రైతు చేతిలో మిగిలేది చిత్తు కాగితమే. అందువల్ల వెడల్పైన రోడ్లు, తాగునీరు, డ్రైనేజీ ఉన్న కొన్ని ప్రాంతాలను తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ముందే గుర్తించి, ఒక స్థాయి దాటిన ప్రతి అంతస్తుకూ బాండు తప్పనిసరి చేయాలి. 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వుగా ఉన్న శేషాచలం అంచు ఆ జాబితాలోకి రాకూడదు.

అన్నిటికంటే ముందు చెరువుల, వాగుల హద్దులను సర్వే నంబర్లతో సహా తేల్చి ప్రకటించాలి. హద్దు తేలకుండా ఇచ్చిన బాండు ఆక్రమణకు బహుమానం అవుతుంది. హక్కు అమ్మేసిన నేల సంగతి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆ భూమి లావాదేవీలు చూపే పత్రం) తీసినవారికి కనబడేలా నమోదు కావాలి. లేదంటే పదేళ్ల తర్వాత అదే మడి మళ్లీ ప్లాట్లుగా అమ్ముడుపోతుంది.