కెడిల్‌స్టన్ హాల్‌ని కట్టించింది వైస్రాయ్ కర్జన్ కాదు

"వైస్రాయ్ కర్జన్ మన దేశంలో దోచిన సొమ్ముతో ఇంగ్లండ్‌లో కెడిల్‌స్టన్ హాల్ కట్టుకున్నాడు. మన పాలరాయి ఓడల్లో తీసుకెళ్లి స్తంభాలు నిలబెట్టాడు. కలకత్తాలో రాజ్‌భవన్ కూడా అచ్చం అలాగే కట్టించాడు." వాట్సాప్‌లో ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. కర్జన్ అంటే నాకూ కోపమే, బెంగాల్‌ని చీల్చినవాడు. అయినా ఇది తప్పు.

డెర్బీషైర్‌లోని ఆ ఇంటి పని 1759లో మొదలైంది. కట్టించింది నథానియల్ కర్జన్. ఆ వంశం 12వ శతాబ్దం నుంచి అక్కడే ఉంది. మన వైస్రాయ్ ఆ ఇంట్లోనే 1859లో పుట్టాడు. అప్పటికి పని మొదలై వందేళ్లు.

ఇక స్తంభాలు. ఆర్కిటెక్ట్ రాబర్ట్ ఆడమ్ తీర్చిదిద్దిన ఆ హాలు పేరు మార్బుల్ హాల్ కావడంతో పాలరాయి అనుకుంటారు. అక్కడి 20 స్తంభాలూ అలబాస్టర్, అంటే జిప్సం జాతి రాయి. గోటితో గీకితే గీత పడేంత మెత్తన. దాన్ని ఆ చుట్టుపక్కలే తవ్వి తీశారు. గులాబీ రంగు చారలతో ఒక్కొక్కటి సుమారు 25 అడుగుల ఎత్తు ఉంటుంది.

కలకత్తా భవనాన్ని 1799-1803 మధ్య అప్పటి గవర్నర్ జనరల్ వెల్లస్లీ కట్టించాడు, డిజైన్ చార్లెస్ వయట్‌ది. కెడిల్‌స్టన్ ప్లాన్ చూసి గీసిన మాట నిజమే. కానీ "అచ్చం" కాదు. నడిమి భవనానికి నాలుగు మూలలా నాలుగు రెక్కలు అనుకున్న కెడిల్‌స్టన్‌లో చివరికి రెండే లేచాయి. కలకత్తాలో నాలుగూ కట్టారు, ఆ ఉక్కపోతలో ఎటు నుంచి గాలి వీచినా లోపలికి రావాలి కదా. కలకత్తాలో గోడలు ఇటుక మీద సున్నం.

ఆ ఇంటి వల్ల నిలువ నీడ పోయినవాళ్లు వేరే ఉన్నారు. పార్కు కోసం కెడిల్‌స్టన్ ఊరినే అక్కడి నుంచి లేపేశారు. పాత చర్చి ఒక్కటి ఇంటి పక్కన మిగిలింది.

మన దేశపు వస్తువులు ఆ ఇంట్లో లేవా అంటే, ఉన్నాయి. కర్జన్ ఆసియాలో పోగేసిన వస్తువులతో ఒక మ్యూజియమే ఉంది. 1903 ఢిల్లీ దర్బారులో అతని భార్య మేరీ వేసుకున్న నెమలి గౌను కూడా అక్కడే ఉంది. గౌను కుట్టింది పారిస్‌లో. బట్ట నిండా పరుచుకున్న నెమలి ఈకల జరీ పని మాత్రం మనవాళ్ల చేతిది. ఒక్కో ఈక కన్ను దగ్గర పచ్చగా తళుక్కుమనేది రత్నం అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే, పురుగు రెక్క.