పిల్లికూతల వెనుక ఉన్నది బలహీనత కాదు

జలుబు చేసిన మూడో రోజు అర్ధరాత్రి. పిల్లవాడు పక్క మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్లకు ఆనించి డొక్కలు ఎగరేస్తుంటాడు. ఛాతీలో పిల్లికూతలు. తెల్లవారాక పలకరించిన ప్రతివారిదీ ఒకటే మాట: "ఇమ్యూనిటీ తక్కువ, పెరగడానికి ఏదైనా వాడండి." ఉబ్బసానికి ఇంతకంటే తలకిందుల సలహా లేదు.

జలుబుకూ ఉబ్బసానికీ ఉన్న చుట్టరికం పాత సంగతే. బడి వయసు పిల్లల్లో ఉబ్బసం తిరగబెట్టినప్పుడు సుమారు 80 శాతం సందర్భాల్లో వైరస్ ఉంటుందని 1995లోనే బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. అందులో పెద్ద వాటా మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్‌ది. అదే వైరస్ ఇంట్లో అందరికీ ముక్కు కారించి పోతుంది. వీడికి మాత్రమే ఊపిరి ఎందుకు ఆడదు?

వీడి శ్వాసనాళాల్లో రోగనిరోధక వ్యవస్థ ముందే కత్తులు నూరుకుని కూర్చుంది కనుక. పుప్పొడి, దుమ్ములోని పురుగులు అలర్జీని నడిపే ఐజీఈ ప్రతిరక్షకాలనూ, వాపు తెచ్చే ఇసినోఫిల్ అనే తెల్లరక్తకణాలనూ ఎప్పుడో రెచ్చగొట్టి ఉంచాయి. వైరస్ సోకిన లోపలి పొర ప్రమాద సంకేతాలు పంపగానే ఆ సేనంతా విరుచుకుపడుతుంది. నాళం వాచిపోతుంది, కండరం బిగుసుకుంటుంది, కఫం దారి మూసేస్తుంది.

దీనికి నాకు నచ్చిన రుజువు ఒమాలిజుమాబ్. ఈ మందు వైరస్ జోలికే పోదు, ఐజీఈని మాత్రమే పట్టి బంధిస్తుంది. అయినా 2011లో అమెరికా నగరాల పిల్లలపై జరిగిన పరీక్షలో, ఏటా ఆకురాలు కాలంలో జలుబులతో పాటు ఎగసిపడే ఉబ్బసం దాడులు దాదాపు అణగిపోయాయి. అలర్జీ పగ్గం బిగిస్తే జలుబు జలుబుగానే మిగిలింది!

కొందరు ఉబ్బస రోగుల శ్వాసనాళ కణాలు వైరస్‌ను ఎదిరించే ఇంటర్‌ఫెరాన్‌ను తక్కువగా, ఆలస్యంగా తయారుచేస్తాయన్న వాదన ఉంది. నిజమే, ఆ మేరకు అది లోపమే. కానీ ఆ లోపాన్ని పూడ్చే సీసా మందుల దుకాణంలో లేదు. "ఇమ్యూనిటీ" అన్న మాటను బలం టానిక్కులా అమ్ముకునేవారికి ఈ తేడాతో పనిలేదు.

నా అసలు కోపం మాత్రం వేరే. తీసుకున్న నిమిషాల్లో హాయినిచ్చే మందునే మనం మందు అంటాం. జలుబు వైరస్‌ను తాకని యాంటీబయాటిక్ అడిగి మరీ రాయించుకుంటాం, తక్షణ ఉపశమనమిచ్చే నీలం ఇన్‌హేలర్‌ను జేబులో పెట్టుకు తిరుగుతాం. వాపును అణిచే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రోజూ వాడమంటే మాత్రం "బాగానే ఉన్నాడుగా" అని మానేస్తాం. పెద్దలూ, కౌమార వయసువారూ తక్షణ ఉపశమన మందు ఒక్కదానితోనే నెట్టుకురావద్దని 2019లో అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి.

అలమరలో ఉన్న ఆ స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను ఒకసారి బయటికి తీయండి. చాలావాటి వెనుక చిన్న గడిలో, ఇంకా మిగిలిన మోతాదుల అంకె కనిపిస్తుంది. కొన్న రోజు 120. నెలలు గడిచాక కూడా 112 దగ్గరే ఆగి ఉంటుంది.