సిగార్ పెట్టెలో ఆ మాత్ర పెట్టకండి

సిగార్లు దాచుకునే మనవాళ్ళ మధ్య, హైదరాబాద్ నుంచి డాలస్ దాకా, ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. ఈ నెలలో నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: మంచి సిగార్‌కు పురుగు పట్టదు, పట్టిందంటే అది నకిలీ సరుకు. దేవదారు పెట్టెలో నాలుగు వేపాకులు, గుప్పెడు లవంగాలు వేస్తే పురుగు దరిదాపులకు రాదు. ఒకవేళ వచ్చినా ఒక రాత్రి ఫ్రిజ్‌లోనో, రెండు గంటలు ఎండలోనో పెడితే చస్తుంది. అప్పటికీ పోకపోతే బియ్యం బస్తాల దగ్గర వాడే మాత్ర ఒకటి పెట్టెలో వేసి మూత బిగించాలి.

ఆ చివరి మాట కోసమే ఇది రాస్తున్నాను. సందేశం పంపినవాళ్ళలో ఒకాయన అప్పటికే ఆ మాత్ర కోసం పురుగుమందుల కొట్టుకు వెళ్ళి అడిగి వచ్చారు. అందుకే వరస మార్చి, చివరిదాన్ని ముందు చెబుతాను.

ఆ మాత్ర పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. సిగార్లు ఎండిపోకుండా మనం పెట్టెలో కావాలనే 65 నుంచి 70 శాతం తేమ ఉంచుతాం. అంటే ఆ మాత్ర పనిచేయడానికి కావలసిందంతా అక్కడ సిద్ధంగా ఉంటుంది. హ్యూమిడార్ అనే ఈ సిగార్ పెట్టె మూత ఎంత బిగుతుగా పడినా అది చెక్కపెట్టే, గ్యాస్‌ను ఆపలేదు. పైగా చాలామంది దాన్ని పడగ్గది అల్మరాలో పెట్టుకుంటారు. ఫాస్ఫీన్ పీల్చినవాళ్ళకు ఇవ్వడానికి విరుగుడు మందు లేదు. ఇంట్లో ధాన్యానికనో నల్లులకనో ఈ మాత్రలు పెడితే, అదే గదిలోనో పక్క ఇంట్లోనో పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు మన దేశంలో ఒకటీ రెండూ కావు. అందుకే ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప ఇంకెవరూ దీన్ని వాడకూడదని నిబంధన పెట్టారు. కొట్లో అడిగితే ఇస్తారేమో, ఇచ్చినంత మాత్రాన అది ఇంట్లో పెట్టుకునే వస్తువు అయిపోదు.

"పొగాకు గోదాముల్లో అదే కదా వాడేది" అని ఆయన నన్ను అడిగారు. నిజమే, వాడతారు. బేళ్ళ మీద గ్యాస్ బయటికి పోకుండా షీట్లు కప్పి, లోపల గ్యాస్ ఎంత ఉందో కొలుచుకుంటూ, రోజుల తరబడి ఉంచి, ఆ తరవాత గాలి ఆడించి గానీ మనుషుల్ని లోపలికి రానివ్వరు. అంత చేసినా ఫాస్ఫీన్‌కు లొంగని పురుగులు మన దేశంలోని పొగాకు నిల్వల్లోనే 1990లలో బయటపడ్డాయి. అంచనా మీద వేసిన ఒక మాత్ర పురుగును చంపుతుందన్న నమ్మకం లేదు. మనిషిని మాత్రం చంపగలదు.

ఇక అసలు పురుగు సంగతి. మూడేళ్ళ క్రితం వేసవిలో నెల రోజులు ఊళ్ళో ఉండి తిరిగొచ్చాను. ఇల్లంతా మూసి ఉండడంతో గది ఉడికిపోయి ఉంది. పెట్టె తెరిస్తే ఒక సిగార్ సెల్లోఫేన్ అడుగున కాఫీపొడి లాంటి సన్నటి పొడి చేరి ఉంది. తీసి తెల్లకాగితం మీద తట్టాను. ఇంకాస్త పొడి, దాంతోపాటు ఆవగింజంత ఎర్రటి పురుగు రాలింది. వేలితో కదిపితే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుకుంది. కాసేపు ఆగితే లేచి నడక మొదలుపెట్టింది. సిగార్ పక్కన గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం. పురుగు లోపలికి వెళ్ళిన దారి అదేననుకున్నాను. తరవాత తెలిసింది, అది బయటికి వచ్చిన దారి.

దీన్ని సిగరెట్ బీటిల్ అంటారు, పెంకు పురుగుల జాతి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. మనకు కనబడే ఎగిరే పురుగు కొన్ని వారాలే బతుకుతుంది, తిండి కూడా పెద్దగా తినదు. ఆలోపు ఆడపురుగు వంద దాకా గుడ్లు పెట్టగలదు. ఒక్కో గుడ్డు అర మిల్లీమీటరు, ఆకు మడతలో పడితే కంటికి ఆనదు. దాంట్లోంచి వచ్చే తెల్లటి నూగు పురుగే సిగార్‌ను లోపల తొలుచుకుంటూ పోయేది. 30 డిగ్రీల వేడి, తగినంత తేమ ఉంటే గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా నెల రోజుల్లో తయారవుతుంది. ఇంచుమించు 18 డిగ్రీల కంటే కిందికి చల్లబడితే ఎదుగుదల ఆగిపోతుంది. ఆ సందేశంలోని చిట్కాలన్నీ కనబడే పురుగు కోసం రాసినవి. మన సిగార్లను పాడుచేసేది కనబడని గుడ్డు.

మంచి సిగార్‌కు పట్టదన్న మాట చూద్దాం. ఈజిప్టులో టుటన్‌ఖామున్ సమాధిలో ఈ పురుగు అవశేషాలు దొరికాయి. అది మూడు వేల ఏళ్ళు దాటిన సమాధి, ఆ కాలానికి అక్కడ పొగాకు అన్నదే లేదు. ధనియాలు, మిరపకారం, పసుపు, శొంఠి, ఎండిన మూలికలు, ఏదైనా దీనికి తిండే. అసలైన ఆకా నకిలీ ఆకా అని అది చూడదు. క్యూబాలో చేత్తో చుట్టిన ఖరీదైన సిగార్లను కూడా ఎగుమతికి ముందు డీప్ ఫ్రీజ్ చేస్తారు. మంచి సరుకుకు పురుగు పట్టకపోతే వాళ్ళకు ఆ ఖర్చు దేనికి? రంధ్రం కనబడింది కదా అని అమ్మినవాడిని మోసగాడనడం అన్యాయం. ఆ గుడ్డు ఫ్యాక్టరీలో పడిందో, మన ఇంట్లోనే పడిందో రంధ్రం చూసి ఎవరూ చెప్పలేరు.

వేపాకులు, లవంగాలు, దేవదారు. ముందుగా, సిగార్ పెట్టెల్లో వాడే స్పానిష్ సెడార్ మన దేవదారు కాదు. దేవదారు పైన్ కుటుంబానిది. స్పానిష్ సెడార్ మహాగని కుటుంబానిది, మన వేప కూడా ఆ కుటుంబమే. ఆ చెక్క తేమను పట్టి ఉంచుతుంది, బూజును కొంత ఆపుతుంది, మంచి వాసన ఇస్తుంది. అందుకు అది విలువైనదే, పురుగుకు మాత్రం అడ్డుగోడ కాదు. పొగాకు కషాయం చల్లి పేనుబంకను చంపే రైతుకు నికోటిన్ ఎంత విషమో తెలుసు. ఆ నికోటిన్ నిండిన ఆకునే తిని బతికే పురుగు ఇది. దాని కడుపులో ఈస్ట్ లాంటి శిలీంధ్రం ఒకటి కాపురం ఉండి, విటమిన్లు అందిస్తూ, విషాలను విరగ్గొట్టడంలో సాయపడుతుంది. ఇలాంటిదాన్ని నాలుగు ఎండు వేపాకులు భయపెడతాయని నేను నమ్మను. భయపెట్టినా, గుడ్లు లోపల ఉండగా బయట వేపాకు పెట్టడం దొంగను ఇంట్లో ఉంచి గుమ్మానికి తాళం వేసినట్టే. లవంగాల వాసన ఒకసారి సిగార్‌కు అంటుకుంటే మళ్ళీ పోదు కూడా.

ఎండ మిరపకాయలకు పనికొస్తుంది, సిగార్‌కు పనికిరాదు. లోపలి గుడ్డుకు చాలినంత వేడి తగిలేలోపు పైఆకు పగిలిపోతుంది.

ఫ్రిజ్ మాటలో సగం నిజం ఉంది, అందుకే అది ఎక్కువమందిని తప్పుదారి పట్టిస్తోంది. చలి పనిచేస్తుంది, కానీ ఎంత చలి, ఎన్ని రోజులన్నది ముఖ్యం. ఫ్రిజ్ కింది అరలో 4 డిగ్రీల దగ్గర పురుగు ముడుచుకుని పడుకుంటుంది, అంతే. గుంటూరు మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టినప్పుడు పురుగు ఎదగదంటే, అది నెలల తరబడి ఆ చలిలోనే ఉంటుంది కాబట్టి. ఒక్క రాత్రితో ఏదీ చావదు. కావలసింది మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్. సిగార్ నడిమధ్య దాకా ఆ చలి చేరాలి. మూడు నాలుగు రోజులు చాలంటారు గానీ, రోజుకు పదిసార్లు తలుపు తీసే ఇంటి ఫ్రీజర్‌లో నేను వారం ఉంచుతాను. చాలా సింగిల్ డోర్ ఫ్రిజ్‌ల పై అర అంత చల్లబడదు. ఒక చిన్న థర్మామీటర్ లోపల పెట్టి చూసుకోండి.

నేను చేసింది చెబుతాను. రంధ్రాలు పడినవాటిని బయట పారేశాను. మిగిలినవన్నీ, బాగున్నట్టు కనబడేవి కూడా, జిప్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, దాన్ని ఇంకో సంచిలో పెట్టాను. ఒక రోజు ఫ్రిజ్ కింది అర, తరవాత వారం ఫ్రీజర్, మళ్ళీ ఒక రోజు కింది అర, ఇంకో రోజు గదిలో. అప్పటిదాకా సంచి విప్పలేదు. తొందరపడి విప్పితే నీటి చెమ్మ సిగార్ మీదే చేరుతుంది. ఒక్కసారిగా చలి నుంచి వేడికి వస్తే పైఆకు చిట్లుతుంది. ఈలోపు పెట్టెను వాక్యూమ్ క్లీనర్‌తో మూలమూలలా లాగి, పొడిబట్టతో తుడిచాను. ఏ స్ప్రే కొట్టలేదు. ఇప్పుడు పెట్టె ఏసీ గదిలో, 20 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. కొత్తగా వచ్చిన సిగార్లను రెండు నెలలు వేరే డబ్బాలో ఉంచి గానీ పాతవాటితో కలపను. అల్మరాలో ఫెరోమోన్ ట్రాప్ ఒకటి పెట్టాను, అంటే ఆడపురుగు వాసనతో రప్పించే జిగురు ఉచ్చు. దానికి మగపురుగులే అంటుకుంటాయి కాబట్టి బెడద దానితో తీరదు, పురుగు ఉందో లేదో తెలుస్తుంది.

తెలిసింది కూడా. ఇంత చేసిన ఆరు వారాలకు ఆ ట్రాప్‌కు రెండు పురుగులు అంటుకున్నాయి. సిగార్లన్నీ ఒక్కొక్కటే తెల్లకాగితం మీద తట్టి చూశాను, ఒక్క రవ్వ పొడి రాలలేదు. నిద్ర పట్టక అల్మరా మొత్తం ఖాళీ చేశాను. పై అరలో, పట్టుచీరల వెనక, ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన పసుపు కొమ్ముల పొట్లం ఉంది. విప్పితే కొమ్ము కొమ్ముకూ గుండుసూది రంధ్రాలు.