జియో వారి హాట్‌స్టార్

తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. ఈ మర్యాదను తు.చ. తప్పకుండా పాటిస్తున్న యాప్ నాకు తెలిసి ఒక్కటే, హాట్‌స్టార్. 2020లో అది డిస్నీ ప్లస్ వారి హాట్‌స్టార్, 2025 నుంచి జియో వారి హాట్‌స్టార్. ఈ వంశచరిత్రను విశ్వవిద్యాలయాలు పట్టించుకోవడం లేదు కనుక ఆ భారం నేనే మోస్తున్నాను.

మూలపురుషుడు స్టార్ టీవీ. 1991లో హాంకాంగ్‌లో పుట్టింది. రెండేళ్లకే పత్రికలు, టీవీల అధిపతి రూపర్ట్ మర్డోక్ అందులో పెద్ద వాటా కొన్నారు. 2015 ఫిబ్రవరిలో, క్రికెట్ ప్రపంచ కప్ ముంగిట హాట్‌స్టార్ కళ్లు తెరిచింది. అదే ఏడాది మన మా టీవీ కూడా స్టార్ గోత్రంలో కలిసింది. 2019లో మర్డోక్, స్టార్‌తో సహా తన ఫాక్స్ సంస్థ ఆస్తిలో సింహభాగం డిస్నీకి అమ్మేశారు. ఇల్లు కొన్నవారికి పెరట్లో మామిడిచెట్టు వచ్చినట్టు హాట్‌స్టార్ కూడా వచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వల్ల దేశంలో పెళ్లిళ్లన్నీ ఆగిపోయిన వేళ, దీనికి మాత్రం ఇంటిపేరు మార్చారు.

అసలు కథ 2022 ఐపీఎల్ వేలంలో ఉంది. అయిదేళ్ల డిజిటల్ హక్కులను రిలయన్స్ వారి టీవీ సంస్థ వయాకామ్18 సుమారు 23,758 కోట్లకు పాడుకుంది. అప్పటిదాకా హాట్‌స్టార్‌లో వచ్చిన ఆటను, అంత పోసి కొని, 2023లో తమ యాప్ జియో సినిమాలో ఉచితంగా చూపించింది. ధర్మసత్రం తెరిచారని జనం దీవించారు. హాట్‌స్టార్ చందాదారులు రెండు కోట్లకు పైగా జారిపోయారు. ఎదురింట్లో అన్నదానం జరుగుతుంటే పూటకూళ్లమ్మ పొయ్యి ఎన్నాళ్లు వెలుగుతుంది? చివరికి రెండు ఇళ్లూ వియ్యమందాయి. కంపెనీల విలీనం 2024 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు. యాప్‌ల కలయిక 2025 ఫిబ్రవరి 14న, ప్రేమికుల దినం నాడు. ముందు బాలలు, తరువాత ప్రేమ. ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో గాని, క్రమం కాస్త తడబడ్డాడు. అన్నదానం సంగతి అడగకండి, విస్తరి పక్కనే ఇప్పుడు బిల్లు పెడుతున్నారు.

ఇదంతా మా పెద్దమ్మకు వివరించాను. ఆవిడ ఫోనులో ఆ ఉదయమే యాప్ బొమ్మ మారింది.

"వాటాలు ఎలా పంచుకున్నారురా?"

"డిస్నీకి 36.84 శాతం, వయాకామ్18కి 46.82, రిలయన్స్‌కు నేరుగా 16.34. వయాకామ్18 కూడా రిలయన్స్ చెప్పుచేతల్లోదే."

"మరి ఆ మర్డోక్ గారు?"

"పెద్దాయన అమ్ముకుని వెళ్లిపోయారు. కొడుకు జేమ్స్, మునుపు స్టార్‌ను నడిపిన ఉదయ్ శంకర్‌తో కలిసి ఒక కంపెనీ పెట్టి వయాకామ్18లో పెట్టుబడి పెట్టారు. ఉదయ్ శంకర్ ఇప్పుడు కొత్త సంస్థకు ఉపాధ్యక్షులు."

"అంటే పెళ్లికూతురు పుట్టింటివాళ్లే మగపెళ్లివారిలోనూ ఉన్నారన్నమాట." పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుంది. "అయితే చదివింపులు ఏ వైపు రాయాలి?"

నేను జవాబు వెతుక్కునే లోపే మూడు నెలలకు 149 రూపాయలు కట్టేసి, సీరియల్ పెట్టుకుంది.